నంబర్ లేని ఫోన్: ఐపాడ్ టచ్ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం అండి. ఆదివారం సాయంత్రం ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. ఏదైనా టెక్నాలజీ గురించి మాట్లాడమని అడిగినప్పుడు అందరూ ఏఐ గురించి అనుకున్నారు, నేను మాత్రం ఇదిగో ఈ చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడతాను అన్నాను. వెనకవాళ్లకి కనిపిస్తోందా? చూడ్డానికి పాత ఐఫోన్ లాగే ఉంది కదా, కానీ ఇది ఫోన్ కాదు. దీంట్లో సిమ్ పెట్టే చోటే లేదు. ఇది ఐపాడ్ టచ్, యాపిల్ కంపెనీ చేసిన పాటల ప్లేయర్, రెండో తరం, 8 జీబీ, 2008లో వచ్చిన మోడల్. ఇప్పటికీ ఆన్ అవుతుంది, పాట పాడుతుంది.

ఎందుకు దీని గురించే అంటే, నేను యాప్‌ల పని నేర్చుకున్నది దీని మీదే. ఇంకోటి, దీని పుట్టుక నుంచి చివరిదాకా చూస్తే ఒక వస్తువు ఎలా బతుకుతుంది, ఎందుకు పోతుంది అన్నది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఐపాడ్‌ని ఫోన్ మింగేసింది అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. మిగతా సగం మన ఫోన్ నంబర్‌లో ఉంది, అది చెప్దామనే వచ్చాను.

మొదలు 2007 జనవరి 9. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపిస్తూ మూడు వస్తువులు తెచ్చాం అన్నాడు, వేలితో నడిచే పెద్ద స్క్రీన్ ఐపాడ్ ఒకటి, ఫోన్ ఒకటి, ఇంటర్నెట్ చూసే పరికరం ఒకటి, మూడూ కలిపి ఒకటే అన్నాడు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అయితే అదే ఏడాది సెప్టెంబర్ 5న ఆ మూడింట్లోంచి మధ్యలో ఉన్న ఫోన్‌ని తీసేసి మిగతా రెండూ అమ్మారు. అదే ఐపాడ్ టచ్. 8 జీబీది 299 డాలర్లు, 16 జీబీది 399. మూడున్నర అంగుళాల స్క్రీన్, 320 బై 480, మందం 8 మిల్లీమీటర్లు, బరువు 120 గ్రాములు. వెనక అద్దంలా మెరిసే స్టీలు.

దానికి ముందు వేలితో నడిచే ప్లేయర్లు లేవా అంటే ఉన్నాయి. కొరియా కంపెనీ కోవాన్ డీ2 అని ఒకటి తెచ్చింది, పాటల పిచ్చి ఉన్నవాళ్లు దాని సౌండ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రాన్స్ నుంచి ఆర్కోస్ వాళ్లవి ఉండేవి. కానీ వాటి స్క్రీన్ వేరే రకం. నొక్కితే పైపొర కింద పొరకి తగిలి, ఎక్కడ తగిలిందో అది కనిపెడుతుంది, గోటితో గానీ పుల్లతో గానీ గట్టిగా నొక్కాలి. పాత ఏటీఎంల దగ్గర మనం బలంగా పొడిచేవాళ్లం చూడండి, అట్లాంటిదే. ఐఫోన్, టచ్ స్క్రీన్‌లో నొక్కుడు లేదు, వేలు ఆనితే అక్కడి విద్యుత్ చార్జ్ మారుతుంది, దాన్ని పసిగడుతుంది, అందుకే రెండు వేళ్లు పెట్టినా విడివిడిగా తెలుస్తుంది. ఈ మల్టీటచ్ పని చాలావరకు ఫింగర్‌వర్క్స్ అని డెలావేర్ యూనివర్సిటీ వాళ్లు పెట్టిన చిన్న కంపెనీ చేసింది, 2005లో యాపిల్ దాన్ని కొనేసుకుంది. పాటల జాబితాని వేలితో అలా తోస్తే అది జారుకుంటూ పోయి మెల్లగా ఆగేది. నేను మొదటిసారి చూసినప్పుడు పాట వినడం మర్చిపోయి ఓ పది నిమిషాలు దాన్ని పైకీ కిందకీ తోస్తూనే ఉన్నాను.

మరి ఏం లేవు దాంట్లో? కెమెరా లేదు, మైక్ లేదు, స్పీకర్ లేదు, బ్లూటూత్ లేదు, సౌండ్ పెంచుకోడానికి పక్కన బటన్ కూడా లేదు. మెయిల్, మ్యాప్స్, నోట్స్, వెదర్, స్టాక్స్, ఈ ఐదు యాప్‌లు ఐఫోన్‌లో ఉన్నవే దీంట్లో పెట్టలేదు. 2008 జనవరిలో ఆ ఐదూ ఇచ్చారు, కానీ అప్పటికే కొన్నవాళ్ల దగ్గర 19.99 డాలర్లు తీసుకున్నారు. జులైలో యాప్ స్టోర్ వచ్చింది, ఐఫోన్ వాళ్లకి ఆ అప్‌డేట్ ఫ్రీ, టచ్ వాళ్లకి 9.95. 2009లో సాఫ్ట్‌వేర్ 3.0 వెర్షన్‌కి మళ్లీ 9.95. జనం బాగా కోప్పడ్డారు. కారణం ఏంటంటే నమ్మరు, అకౌంట్స్. ఐఫోన్ అమ్మిన డబ్బుని కంపెనీ రెండేళ్ల మీద పరిచి కొంచెం కొంచెంగా ఆదాయంగా చూపించేది, కాబట్టి ఆ రెండేళ్లలో కొత్త సౌకర్యాలు ఊరికే ఇవ్వొచ్చు. టచ్ అమ్మకం మాత్రం అమ్మిన రోజే పుస్తకంలో ముగిసిపోయేది, ముగిసిన అమ్మకానికి తర్వాత ఊరికే ఏదైనా కలిపితే లెక్క తేడా వస్తుంది. తర్వాత ఆ అకౌంటింగ్ రూల్ మారింది, 2010లో ఆ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్, ఐఓఎస్ 4 నుంచి అందరికీ ఫ్రీ అయింది. మన చేతిలో ఉన్న వస్తువు ఎలా ఉండాలో ఎక్కడో చార్టర్డ్ అకౌంటెంట్ల గదిలో కూడా నిర్ణయం అవుతుందని నాకు దీనివల్లే తెలిసింది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ ఇండియాకి వచ్చింది, ఎయిర్‌టెల్, వొడాఫోన్ అమ్మాయి, 8 జీబీ ఫోన్ 31 వేల రూపాయలు. అమెరికాలో అదే ఫోన్ కాంట్రాక్టు మీద 199 డాలర్లు. అప్పట్లో మాది అమీర్‌పేటలో రెండు గదుల ఆఫీసు, ఆరుగురం, ఒక్క మ్యాక్ మినీ కంప్యూటర్. యాప్‌లు చేద్దాం అని అందరికీ ఉత్సాహం. కంప్యూటర్‌లో సిమ్యులేటర్, అంటే తెర మీద ఉత్తుత్తి ఫోన్, ఉంటుంది గానీ దాన్ని చేత్తో పట్టుకుని వంచలేం కదా, వంచితే కదిలే ఆట రాస్తే అసలైన పరికరం మీదే చూడాలి. ఆరుగురికీ 31 వేల ఫోన్ ఎవరు కొనిస్తారు? మా బాస్ అమెరికా నుంచి వస్తున్న వాళ్ల బావమరిదితో రెండు ఐపాడ్ టచ్‌లు తెప్పించాడు. అందులో ఒకటి ఇది. ఆ ఆఫీసు మూసేసిన రోజు నాకు ఇచ్చేశాడు.

ఆ రెండింటి కోసం వరస పెట్టుకునేవాళ్లం, ఒకళ్లు టెస్ట్ చేస్తుంటే ఇంకొకళ్లు వెనక నుంచుని చూసేవాళ్లు, రాత్రి పదయ్యాక ఎవరూ అడగరు కాబట్టి నేను అప్పటిదాకా ఉండి ఆ టైంలో పట్టుకునేవాణ్ణి. ఇక్కడో విషయం చెప్పాలి. 2008లో ఈ రెండో తరం టచ్ ప్రాసెసర్ దాదాపు 530 మెగాహెర్ట్జ్ మీద నడిచేది, అదే ఏడాది వచ్చిన ఐఫోన్ 3జీది 412. అంటే ఫోన్ కంటే ఇదే వేగం! మా ఆట దీంట్లో హాయిగా నడిచి, ఒక క్లయింట్ ఫోన్‌లో మాత్రం నత్తలా నడిచింది, మేం రెండ్రోజులు కోడ్ అంతా వెతికాం తప్పెక్కడుందా అని. తప్పు కోడ్‌లో లేదు.

యాపిల్‌కి కూడా మొదట్లో దీన్ని ఏమని చెప్పి అమ్మాలో తెలియలేదు. ఫోన్ లేని ఐఫోన్ అనాలా, జేబులో కంప్యూటర్ అనాలా? కొన్నవాళ్లే తేల్చారు, ఇది ఆటల మెషీన్ అని. 2009 సెప్టెంబర్ కల్లా స్టేజీ మీద సోనీ పీఎస్పీ, నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకునే ఆటల మెషీన్లతో పోల్చి చూపించే దాకా వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే యాంగ్రీ బర్డ్స్ ఆట వచ్చింది. అమెరికాలో పదేళ్ల పిల్లలకి ఫోన్ కొనివ్వాలంటే నెలనెలా బిల్లు, రెండేళ్ల కాంట్రాక్టు, అందుకని క్రిస్మస్‌కి ఇది కొనిచ్చేవాళ్లు. యాప్ స్టోర్ అనే సంతలో మొదటి ఏళ్లలో తిరిగిన పిల్లలు చాలామంది ఫోన్ ఉన్నవాళ్లు కాదు, టచ్ ఉన్నవాళ్లు. ఫోన్ వచ్చి దీన్ని మింగింది సరే, కానీ ఆ పిల్లలకి వేలితో స్క్రీన్ తోయడం నేర్పి, రేపు ఐఫోన్ కొనేలా తయారుచేసింది ఇదే కదా.

ఇంకొకటి, దీని గురించి ఎవరు మాట్లాడినా ఇది వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. మాట రాని పిల్లలు ఉంటారు, ఆటిజం వల్ల గానీ సెరిబ్రల్ పాల్సీ వల్ల గానీ. వాళ్లు బొమ్మ నొక్కితే "నీళ్లు కావాలి" అని పలికే మెషీన్లు అప్పటికే ఉన్నాయి, కానీ వేల డాలర్లు, పైగా ఇటుకంత బరువు. 2009లో ప్రొలోకో2గో అనే యాప్ వచ్చింది, ధర 150 డాలర్లు. యాప్‌కి 150 డాలర్లా అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు, కానీ టచ్ ధర కలిపినా ఆ పెద్ద మెషీన్ ముందు అది ఎంత? అది ఏ సెల్ కంపెనీ కాంట్రాక్టూ అక్కర్లేకుండా, మిగతా పిల్లల చేతిలో ఉన్న వస్తువులాగే కనిపించే వస్తువులో వచ్చింది. ఆ పిల్లలకి అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. అదే ఏడాది మూడో తరంలో వాయిస్ఓవర్ కూడా పెట్టారు, చూపు లేనివాళ్లు స్క్రీన్ మీద వేలు జరుపుతుంటే అక్కడ ఏముందో చదివి చెబుతుంది. పేరుకి ఇది పాటల ప్లేయర్, లోపల మాత్రం ఇవన్నీ ఉన్నాయి.

2010 సెప్టెంబర్‌లో నాలుగో తరం. అది వచ్చాక కథ మారింది. చుక్కలు కంటికి కనిపించనంత స్పష్టమైన రెటీనా స్క్రీన్, ముందొక కెమెరా వెనకొక కెమెరా, మైక్, ఫేస్‌టైమ్ అనే వీడియో కాల్. అయితే లోపల చూస్తే ఎక్కడ కోశారో తెలుస్తుంది. ఐఫోన్ 4లో 512 ఎంబీ ర్యామ్ ఉంటే దీంట్లో 256, ఆ ఫోన్‌లో 5 మెగాపిక్సెల్ కెమెరా అయితే దీని వెనక కెమెరాతో తీసిన ఫొటో ఒక్క మెగాపిక్సెల్ కూడా ఉండదు. ధర ఒక కారణం, 7.2 మిల్లీమీటర్ల మందంలో పెద్ద కెమెరా పట్టకపోవడం ఇంకో కారణం.

మా పెద్దమ్మ తెనాలిలో ఉంటుంది. 2011లో వాళ్లబ్బాయి, మా అన్నయ్య, డల్లాస్ నుంచి వస్తూ ఆవిడకి ఈ నాలుగో తరంది తెచ్చిచ్చాడు. ఇంట్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి, వైఫై కలిపి, ఈమెయిల్ ఐడీ ఒకటి తయారుచేసి పెట్టాడు. ఆ ఐడీ ఏంటో ఆవిడకి తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. పొద్దున్నే అది మోగేది, అక్కడ రాత్రి అన్నమాట, నొక్కితే మనవరాలు కనిపించేది. పెద్దమ్మ దాన్ని డల్లాస్ పెట్టె అనేది. ఆవిడ దగ్గర బటన్ల నోకియా ఫోన్ కూడా ఉంది, దానికి బ్యాంకు వాళ్లు, లాటరీ వాళ్లు, రాంగ్ నంబర్లు, అందరూ చేసేవాళ్లు. డల్లాస్ పెట్టెకి ఇంట్లో వాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. "ఇది మోగిందంటే మనవాళ్లే" అని పరిగెత్తుకుంటూ వచ్చేది. వేసవిలో ఆవకాయ కలుపుతూ దాన్ని జాడీకి ఆనించి పెట్టి, కారం ఎంత వేసిందో చూపిస్తూ, అక్కడ కోడలికి నేర్పించింది.

నంబర్ లేకపోవడం లోటు అనుకుంటాం కదా, ఆవిడ విషయంలో అదే దాని గొప్పతనం.

2012లో ఐదో తరం వచ్చింది, నాలుగంగుళాల స్క్రీన్, 6.1 మిల్లీమీటర్లు, 88 గ్రాములు, రంగురంగులవి, చేతికి తగిలించుకోడానికి తాడు కూడా ఇచ్చారు. నా కంటికి అన్నిట్లో అందమైనది అదే. 2013 మే కల్లా పది కోట్ల ఐపాడ్ టచ్‌లు అమ్మామని యాపిల్ చెప్పింది. అప్పటికి పోటీ వాళ్లు కూడా ఎవరూ పెద్దగా మిగల్లేదు, మైక్రోసాఫ్ట్ జూన్ హెచ్‌డీ 2009 సెప్టెంబర్‌లో వచ్చింది, ఓఎల్‌ఈడీ స్క్రీన్‌తో చాలా బాగుండేది, పాపం దానికి యాప్‌లు చాలా తక్కువ, 2011లో ఆపేశారు. శాంసంగ్ గెలాక్సీ ప్లేయర్ అని తెచ్చింది, అదీ నిలబడలేదు.

ఇక్కడి నుంచి దిగుదల. ఐదో తరానికీ ఆరో తరానికీ మధ్య దాదాపు మూడేళ్లు, 2015 జులైలో వచ్చింది. ఆరుకీ ఏడుకీ మధ్య నాలుగేళ్లు, 2019 మే. ఆ ఏడో తరం ఒళ్లంతా పాతదే, లోపల చిప్ మాత్రం మార్చారు. ఈలోగా మిగతా ఐపాడ్ మోడళ్లలో 2014లో క్లాసిక్ పోయింది, 2017 జులైలో నానో, షఫుల్ రెండూ ఒకేసారి పోయాయి. ఐపాడ్ పేరుతో చివరికి ఇది ఒక్కటే మిగిలింది.

ఫోన్‌లో పాటలున్నాయి కాబట్టి పోయింది అంటే, 2007లో కూడా ఫోన్‌లో పాటలున్నాయి. నేననుకునేది వేరే. మన దగ్గర ఏం జరిగిందో చూడండి. వాట్సాప్ వచ్చింది. అది ఈమెయిల్ అడగదు, ఫోన్ నంబర్ అడుగుతుంది. ఐపాడ్ టచ్‌లో వాట్సాప్ పెట్టుకోడానికి లేదు. మా అన్నయ్య వాళ్లూ, తెనాలిలో చుట్టాలూ, అందరూ ఒక గ్రూపు పెట్టుకున్నారు, పెళ్లి ఫొటోలు, కబుర్లు అన్నీ అందులోనే, డల్లాస్ పెట్టెకి ఆ గ్రూపులో చోటు లేదు. తర్వాత ఓటీపీలు. 2016లో యూపీఐ వచ్చింది, అది సిమ్ నుంచి మెసేజ్ పంపించి, ఈ నంబర్ ఈ పరికరంలోనే ఉందని తేల్చుకున్నాకే నడుస్తుంది. గ్యాస్ బుకింగ్, రైలు టికెట్, కరెంటు బిల్లు, ఏది చూసినా ముందు నంబర్ చెప్పు అంటుంది. మనిషికి ఊరూ పేరూ ఎలాగో ఇప్పుడు నంబర్ అలా అయిపోయింది. అది లేని వస్తువు ఎంత మంచిదైనా గుమ్మం బయటే ఉండిపోతుంది. పెద్దమ్మకి ఒక ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నారు. మంచి ఫోనే. కానీ అది మోగితే ఇప్పుడు ఆవిడ ముందు కళ్లజోడు పెట్టుకుని ఎవరు చేశారో చూసి గానీ ఎత్తదు.

ఇంకొక మాట, ఆయుష్షు గురించి. దీని బ్యాటరీ కాదు దీని ఆయుష్షు, సాఫ్ట్‌వేర్. మొదటి తరం 3.1.3 దగ్గర ఆగిపోయింది, ఇది 4.2.1 దగ్గర, పెద్దమ్మది 6.1.6 దగ్గర, ఏడో తరం ఐఓఎస్ 15 దగ్గర. నా దాంట్లో బ్రౌజర్ తెరిచి ఏ సైట్ కొట్టినా దాదాపు ఏదీ తెరుచుకోదు. వైఫై కలుస్తుంది, కానీ ఇప్పటి సైట్లన్నీ మాట్లాడే రహస్య భాష, టీఎల్ఎస్ 1.2 అంటారు, అది ఐఓఎస్ 5తో గానీ రాలేదు. దీనికి ఆ భాష రాదు. చెడిపోలేదండి ఇది, చుట్టూ ఉన్న లోకం భాష మార్చుకుంది.

భాష అంటే గుర్తొచ్చింది, 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచం మొత్తం వార్తల్లోకెక్కింది, గుర్తుందా? "జ్ఞా". జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసలో వస్తే ఐఓఎస్ 11లో అక్షరాన్ని గీసే భాగం దాన్ని కూర్చలేక యాప్ మొత్తం కూలిపోయేది. ఐఫోన్లూ, ఐప్యాడ్లూ, ఆరో తరం ఐపాడ్ టచ్‌లూ కూడా. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. ఎవరెవరో దాన్ని తెలుగు బాంబ్ అంటూ పంచుకున్నారు, నాకు చాలా బాధేసింది. విజ్ఞానం అన్న మాట మనం రోజూ రాస్తాం. అక్షరంలో తప్పేం లేదు, దాన్ని సరిగ్గా పరీక్షించినవాళ్లు లేరు, అంతే. అప్పటి నుంచి నేను ఏ యాప్ టెస్ట్ చేసినా మొదట జ్ఞా, క్ష్మీ, ర్త్స్న్యా ఇవన్నీ టైప్ చేసి చూస్తాను.

2022 మే 10న యాపిల్ ఇక చేయం, ఉన్న స్టాక్ అయ్యేదాకా అమ్ముతాం అని చెప్పింది. ఒకట్రెండు రోజుల్లోనే అమెరికాలో వాళ్ల వెబ్‌సైట్‌లో అన్నీ అయిపోయాయి. మొదటి ఐపాడ్ 2001 అక్టోబర్ 23న వచ్చింది, అంటే ఇరవయ్యేళ్ల పేరు అక్కడితో ఆగింది. ఆ రోజు నేను దీన్ని సొరుగులోంచి తీసి చార్జింగ్ పెట్టాను. పాటలన్నీ అలాగే ఉన్నాయి, కోఠిలో కొన్న ఎంపీ3 సీడీల నుంచి ఎక్కించినవి. సగం పాటలకి పేరు ట్రాక్ 01, ట్రాక్ 02 అని, మిగతావాటికి పాట పేరు పక్కన ఏదో వెబ్‌సైట్ పేరు. మనకి ఐట్యూన్స్ స్టోర్ వచ్చిందే 2012 డిసెంబర్‌లో, అప్పటిదాకా మనం పాటలు ఎలా పోగేసుకున్నామో ఆ పేర్లు చూస్తే తెలిసిపోతుంది. వాటిని నేను మార్చలేదు.

ఆ, అడగండి అమ్మా. పిల్లలకి ఇప్పుడు ఇలాంటిది ఏం కొనాలి అంటున్నారు. సోనీ వాళ్లు వాక్‌మన్ పేరుతో ఆండ్రాయిడ్ ప్లేయర్లు ఇంకా చేస్తున్నారు, కానీ అవి పాటలు శ్రద్ధగా వినేవాళ్ల కోసం, పిల్లల కోసం కాదు, ధర కూడా అలాగే ఉంటుంది. మా అమ్మాయికి నేను చేసింది చెప్తాను, పాత ఫోన్‌లో సిమ్ తీసేసి, పాటలూ కథల ఆడియోలూ నేనే ఎక్కించి, రెండు ఆటలు ఉంచి ఇచ్చాను. అమ్మమ్మకి వీడియో కాల్ చేస్తుంది. ఇంకెవరూ దానికి చేయలేరు.

పట్టుకుని చూస్తారా? ముందు వరస నుంచి అలా వెనక్కి పంపించండి, పైన కాదు, కింద అంచున ఉంది చూడండి ఇయర్‌ఫోన్ రంధ్రం, ఇయర్‌ఫోన్ ఉన్నవాళ్లు పెట్టుకుని వినొచ్చు. రెండు చేతులతో పట్టుకోండి బాబూ, వెనక స్టీలు కదా, జారుతుంది.